విషాదం నుండి అర్థానికి: విక్టర్ ఫ్రాంకల్ చికిత్సా దర్శనం

భగవద్గీత ప్రథమాధ్యాయానికి అర్జునవిషాదయోగమని నామం. విషాదం యోగమెట్లా అవుతుందన్నది సాధకులకు చిరపరిచితమైన ప్రశ్న. ఇరవయ్యవ శతాబ్దంలో వియన్నా నగరానికి చెందిన ఒక యూదు వైద్యుడు తన వృత్తిలోనూ జీవితంలోనూ ఇటువంటి ప్రశ్ననే ఎదుర్కొన్నారు. ఆయనే విక్టర్ ఫ్రాంకల్.

1905 మార్చి 26న జన్మించిన ఫ్రాంకల్ విద్యార్థిదశలోనే సిగ్మండ్ ఫ్రాయిడ్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపారు. పిమ్మట ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ బృందంలో చేరి, అభిప్రాయభేదం వల్ల 1927లో బహిష్కృతులయ్యారు. మానవునికి ప్రేరకం సుఖేచ్ఛ అని ఫ్రాయిడ్, ఆధిక్యకాంక్ష అని ఆడ్లర్ భావించగా, జీవితంలో అర్థాన్ని దర్శించాలన్న ఆకాంక్షయే మూలమని ఫ్రాంకల్ నిశ్చయించారు. ఆయన పద్ధతి లోగోథెరపీగా ప్రసిద్ధి చెందింది.

1941లో ఆయనకు అమెరికా ప్రయాణానికి అనుమతి లభించింది. తాను వెళ్లిపోతే వృద్ధులైన తల్లిదండ్రులు నాజీల పాలిట నిస్సహాయులవుతారు. ఆ సందిగ్ధంలో ఇంట ఒక చలువరాతి శకలం కనిపించింది. ధ్వంసమైన యూదు ప్రార్థనామందిరం నుండి తండ్రి తెచ్చినది అది. దానిపై మిగిలిన అక్షరం తల్లిదండ్రులను గౌరవించమనే ధర్మశాసనానికి చెందినదని తెలిసి, ఫ్రాంకల్ ప్రయాణాన్ని విరమించారు.

1942 సెప్టెంబరులో ఫ్రాంకల్ భార్యతోనూ తల్లిదండ్రులతోనూ తెరేజిన్ నిర్బంధస్థలికి తరలింపబడ్డారు. తండ్రి అక్కడే మరణించారు. 1944లో ఫ్రాంకల్ ఆష్విట్స్ చేరినప్పుడు, కోటులో దాచుకున్న గ్రంథపు వ్రాతప్రతి కూడా పోయింది. తల్లి, సోదరుడు, భార్య టిల్లీ నిర్బంధశిబిరాలలో అసువులు బాశారు. 1945 ఏప్రిల్ 27న విముక్తులైన ఫ్రాంకల్, తమ అనుభవాలను తొమ్మిది దినాలలో చెప్పి వ్రాయించగా, అది 1946లో గ్రంథమైంది.

ఆయన త్యాగం తల్లిదండ్రులను కాపాడలేదు. అయితే అది వ్యర్థమా? తండ్రి అంత్యఘడియలలో కుమారుడు ప్రక్కనే ఉండి, బాధ శమించడానికి ఔషధమీయగలిగాడు. కర్మ విలువను ఫలంతోనే తూచరాదని గీత చదివినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు.

ఆయన చికిత్సలో సంభాషణమే సాధనం. భార్యావియోగంతో రెండేళ్లుగా కృశిస్తున్న ఒక వృద్ధవైద్యుడు ఆయనను ఆశ్రయించాడు. ఫ్రాంకల్ ఓదార్పు పలకక, ముందుగా మీరే మరణించి ఉంటే ఆమె గతి ఏమయ్యేదని అడిగారు. ఆమె ఎంతో దుఃఖించేదని ఆయన బదులిచ్చాడు. ఆ దుఃఖం ఆమెకు తప్పింది, దానిని ఆమె బదులు మీరు భరిస్తున్నారని ఫ్రాంకల్ వివరించారు. వృద్ధుడు మౌనంగా కరచాలనం చేసి నిష్క్రమించాడు. వియోగం మారలేదు; దానిని చూచే దృష్టి మారింది. సమాధానం రోగిలోనే ఉంటుంది, వైద్యుని ప్రశ్న దానిని వెలికితీస్తుంది. మన సంప్రదాయంలోని పరిప్రశ్నకు ఇది సన్నిహితం, అయితే ఇక్కడ ప్రశ్నించేది శిష్యుడు కాదు, వైద్యుడు.

అర్థానికి ఆయన మూడు ద్వారాలు చూపారు: లోకానికి ఉపకరించే కర్మ, ప్రేమతోనూ సౌందర్యంతోనూ కూడిన అనుభవం, తప్పించుకోలేని దుఃఖం పట్ల మనం వహించే వైఖరి. ఇందులో తప్పించుకోలేని అన్న విశేషణం ప్రధానం. తొలగించదగిన బాధను తొలగించడమే కర్తవ్యమని, అనవసరంగా భరించడం వీరత్వం కాదని ఆయన స్పష్టం చేశారు. ఆర్తుని ఎదుట ప్రారబ్ధమని త్వరపడి తీర్పు చెప్పే మనకు ఇది హెచ్చరిక.

ఫ్రాంకల్ మార్గాన్ని వేదాంతంతో ఏకం చేయనక్కరలేదు. ఆయన అన్వేషించినది ప్రతి వ్యక్తికీ ప్రతి క్షణంలోనూ ఎదురయ్యే అర్థం. వేదాంతం అన్వేషించేది ఆ వ్యక్తి ఎవరన్న తత్త్వం. అయినా దుఃఖితుని పలుకును శ్రద్ధగా ఆలకించడంతోనే రెండూ ఆరంభమవుతాయి. అర్జునుడు తన శోకాన్ని పూర్తిగా చెప్పుకునేవరకు భగవానుడు గీతోపదేశం ప్రారంభించలేదు. మన ఇంటికి వచ్చే ఆర్తుని పట్ల మనకూ అంతటి ఓర్పు అలవడుగాక.