నాణెముపై రోము చక్రవర్తుల ముఖములు

నాణెమును ఎగురవేయునపుడు తెలుగువారు బొమ్మయా, బొరుసా యని యడుగుదురు. ఆ బొమ్మ యెవరిదని విచారించువారు అరుదు. రోమక శిల్పమును పరిశీలించు పండితులకు మాత్రము తరతరములుగా ఆ విచారణయే ఆధారము. ఇటలీలోను మధ్యధరా సముద్రతీర దేశములలోను త్రవ్వకములందు పాలరాతి తలలు అసంఖ్యాకముగా బయల్పడినవి. వానిలో పెక్కింటికి మొండెము లేదు, పీఠము లేదు, పీఠముపై నుండవలసిన పేరును లేదు. నాణెముపై నుండు ముఖము చుట్టునో, పేరును బిరుదములును వరుసగా అచ్చుపడి యుండును. పేరులేని రాతికి పేరు పెట్టగలిగినది అరచేతిలో నిముడు ఆ లోహపు బిళ్ళయే.

ఈ శాస్త్రమునకు మార్గము తీసినవారు నాణెములను ముచ్చటపడి సేకరించిన రసికులు. ఇటాలియను మహాకవి పెట్రార్కు 1354లో మాంటువా నగరమున నాల్గవ చార్లెసు చక్రవర్తిని దర్శించి, ప్రాచీన చక్రవర్తుల ప్రతిమలు గల బంగారు, వెండి నాణెములను కానుకగా నిచ్చెను. ఆ మహనీయుల అడుగుజాడలలో నడువుమని హెచ్చరించుటయే ఆయన యుద్దేశము. 1517లో ఆండ్రియా ఫుల్వియో అను పండితుడు రోములో నాణెముల ముఖబింబములతో ఒక గ్రంథమునే ప్రకటించెను. గిరాకి పెరిగినచోట నకళ్ళు పుట్టుట లోకసహజము. పాడువా నగరపు కవీనో అను శిల్పి 16వ శతాబ్దిలో రోమక నాణెములను పోలిన అచ్చులను ఎంత నేర్పుతో చేసెననగా, ఇప్పుడు ఆ నకళ్ళనే కోరి సేకరించువారు కలరు.

పోల్చు పద్ధతి వినుటకు సులభము. నాణెముపై ముఖము ప్రక్కవాటుగా నుండును గనుక శిల్పమును కూడ ప్రక్కనుండి చూచి నుదురు, ముక్కు, గడ్డము, మెడ, జుట్టు పాయల అమరిక సరిచూడవలెను. ఉదాహరణమునకు జూలియస్ సీజరును గొనవచ్చును. రోము టంకశాలలో జీవించియున్న రోమకుని ముఖముతో నాణెము వెలువడుట క్రీ. పూ. 44లో ఆయనతోనే మొదలు. సన్నని పొడవైన మెడ, దానిపై ముడుతలు, ముందుకు వచ్చిన కంఠమణి, పీక్కుపోయిన చెక్కిలి, తలపై ఆకుల దండ, ఇవి ఆ నాణెములపై కానవచ్చును. టస్క్యులమున 1825లో దొరికిన ఒక పాలరాతి తల నూరేండ్లకు పైగా ఎవరిదో తెలియక పడియుండెను. 1940లో బోర్డా అను పండితుడు దానిని ఈ నాణెములతో సరిపోల్చి సీజరుదని నిర్ణయించెను. అది నేడు ట్యూరిను నగరమున నున్నది. నాణెముపై దండ మరుగుపరచిన బట్టతల ఈ రాతిపై దాపరికము లేక కనబడుచున్నది. స్త్రీమూర్తుల విషయమున కొప్పు తీరే ముఖ్యసాక్ష్యము. ఆంటొనైనస్ పయస్ చక్రవర్తి భార్య ఫౌస్టీనా తన జడలను నడినెత్తిపై చుట్టగా పేర్చుకొనెడిది. ఆ ముడి నాణెములపై నుండుటచేతనే ఆమె శిలాప్రతిమలను గుర్తింపగలిగిరి.

అయినను నాణెము పేరు చెప్పినంత నిశ్చయముగా ముఖము చెప్పునా యనునది వేరు ప్రశ్న. ఆగస్టస్ చక్రవర్తి క్రీ. శ. 14లో, 75 ఏండ్లు నిండిన పిమ్మట మరణించెను. నాణెములపైనను శిల్పములందును ఆయన కడవరకు యువకుడే. డొమీషియనునకు బట్టతల యుండెననియు, ఆయన కేశసంరక్షణమును గూర్చి ఒక గ్రంథమే వ్రాసెననియు చరిత్రకారుడు సూటోనియస్ చెప్పినాడు. నాణెములపై మాత్రము ఆయనకు నిండైన జుట్టే. ఆయన తండ్రి వెస్పేషియను బట్టతలతో, ముడుతలతో, మోటుకాపు వలె దర్శనమిచ్చును. పాపము, సత్యసంధత చేతనే యిట్లు చేయించెనని యెంచరాదు. విలాసి యగు నీరో తరువాత కష్టజీవి యగు ప్రభువు వచ్చెనని ప్రజలు తలంచుట ఆయనకు లాభము. నాణెపు అచ్చులకును నగరములందు నిలిపిన విగ్రహములకును మూలము రాజధానిలో ఆమోదింపబడిన నమూనాయే. కావున నాణెమును శిల్పమును ఒకదాని నొకటి పోలినవన్నచో అవి ఆ నమూనాను పోలినవని మాత్రమే యర్థము. మనిషిని పోలినవో లేదో ఆ పోలిక చెప్పజాలదు.

రాతికిని లోహమునకును గల అసలు భేదము ప్రభువు పతనమైన పిదప తెలియును. క్రీ. శ. 68లో నీరో చనిపోయిన వెనుక ఆయన ప్రతిమలు అనేకములు పగిలిపోయినవి. పాలరాయి విలువైనది గనుక కొన్నింటిని తిరిగి చెక్కి వెస్పేషియనుగా మార్చిరి. అట్టి తలలు కొన్నింట ముఖము వెస్పేషియనుది, మెడవెనుక జుట్టు నీరోది. డొమీషియను ప్రతిమలు ఇట్లే ఆయన తరువాత వచ్చిన నెర్వాగా మారినవి. కాలిగ్యులా ముఖము గల కంచు నాణెములను కరగింపుడని క్రీ. శ. 43లో సెనేటు శాసించెను. కాని వేలమంది సంచులలో చేరిన సొమ్మును ఏ సెనేటు మరల రప్పింపగలదు? ఆ నాణెములు నేటికిని దొరకుచునే యున్నవి.

సెనేటు మాట చెల్లని దూరమునకు కూడ ఆ సొమ్ము పోయినది. మిరియములకును వస్త్రములకును మారుగా రోమక ధనము ఓడలపై దక్షిణాపథము చేరెను. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో ఆగస్టస్, టైబీరియస్ ప్రభువుల వెండి దీనారములు 1,500కు మించి దొరికినవి. నాగార్జునకొండలో టైబీరియసు బంగారు నాణెముతోపాటు పైన చెప్పిన ఫౌస్టీనా నాణెమొకటి లభించినది. దీనారీ మాషకములను మాట అచ్చటి ఇక్ష్వాకుల శాసనములలోనే యున్నది. తమిళదేశమున పుదుక్కోట సంస్థానములో 1898లో దొరికిన 501 బంగారు నాణెములు మరింత విచిత్రమైనవి. వానిలో అధికభాగముపై చక్రవర్తి ముఖమునకు అడ్డముగా ఉలిగాటు పెట్టియున్నది. అవి మరల నాణెములుగా చెలామణి కాకుండుటకని కొందరును, పరరాజు ముఖము రుచింపకయని మరికొందరును ఊహించిరి. మొదటి ఊహయే సమంజసముగా తోచును. ఇక్కడి వర్తకునకు కావలసినది బంగారపు తూకము గాని సీజరు ముక్కు కాదు.

శాతవాహనులలో వాసిష్ఠీపుత్ర పుళుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి మున్నగువారు తమ ముఖబింబములతో వెండి నాణెములను వేయించిరి. వీనికి దగ్గరి యాదర్శము రోము గాక, పొరుగున నున్న పశ్చిమ క్షత్రపుల నాణెములు. ఈ ముఖములను శిల్పముతో పోల్చుదమన్నచో చిక్కు వచ్చును. కర్ణాటకమున సన్నతి చెంత కనగనహళ్లి స్తూపముపై పుళుమావి యను పేరు చెక్కిన ఫలకమున్నది. అందలి రాజు ఏ రాజైనను కావచ్చునన్నట్టుండును. పేరు చెరిపినచో గుర్తింప వీలులేదు. మహారాష్ట్రమున జున్నరు సమీపాన నానాఘాటు కనుమ గుహలో శాతవాహన రాజకుటుంబము వారి మూర్తులను గోడపై వరుసగా చెక్కించిరి. సిముకుడు, దేవి నాగనిక, ఆమె భర్త శాతకర్ణి, కుమారులు, ఒక మహారథి, అందరి పేర్లును పైన బ్రాహ్మీలిపిలో నేటికిని చదువవచ్చును. వారి ముఖములతో నాణెములు లేవు. పేర్ల క్రింద మూర్తులును లేవు, పాదముల జాడలు మాత్రము మిగిలినవి.