న్యాయ వాణిజ్యము : హస్తకళలు

చేతిపనివారి శ్రమకు తగిన ప్రతిఫలము దక్కునట్లుగా, నడుమనుండు దళారుల సంఖ్యను తగ్గించి, ముందుగా ఒప్పుకొన్న గిట్టుబాటు ధరకు వారి సరకును కొని దూరదేశములలో విక్రయించు పద్ధతికి న్యాయ వాణిజ్యమని పేరు. నేడీ మాట వినగనే కాఫీయు చాక్లెట్టును స్ఫురించుట కద్దు. కాని కాఫీ ఈ ఉద్యమమున చేరినది 1973లో. అంతకు ముందు రమారమి పావు శతాబ్దికాలము దీనిని పోషించినవి కుట్టుగుడ్డలు, కొయ్యబొమ్మలు, బుట్టలు మొదలైన చేతిపనులే.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున ఆక్రన్ అను చిన్న ఊరిలో నివసించుచుండిన ఎడ్నా రూత్ బైలర్ అను గృహిణి, 1946లో మెన్నొనైట్ క్రైస్తవుల సహాయ సంఘము పనులు జరుగుచుండిన పోర్టోరికో ద్వీపమునకు వెళ్లి, అచ్చటి స్త్రీలు సున్నితమైన కుట్టుపనియందు నేర్పరులయ్యును కొనువారు లేక దారిద్ర్యమున మ్రగ్గుచుండుట చూచి, వారు కుట్టిన గుడ్డలు కొన్ని వెంట తెచ్చి తన స్నేహితురాండ్రకు అమ్మెను. కారు వెనుక అరలో సరకు నింపుకొని ఇల్లిల్లు తిరిగియు, తన ఇంటి నేలమాళిగనే దుకాణముగా మార్చియు, ఆమె ఏండ్ల తరబడి నడపిన ఈ చిన్న బేరమున, కాలక్రమమున పాలస్తీనా శరణార్థుల కుట్టుపనియు హెయిటీ దేశపు కొయ్యపనియు చేరినవి. ఆ బేరమే పెరిగి పెద్ద సంస్థయై 1996లో 'టెన్ థౌజండ్ విలేజెస్' అను నామము ధరించెను. భారతదేశము నగరములలో గాక లక్షలాది పల్లెలలో నున్నదన్న గాంధీమహాత్ముని భావమే ఆ నామమునకు ప్రేరణము.

1949లో చర్చ్ ఆఫ్ ది బ్రెద్రన్ వారి 'సెర్వ్' సంస్థ యుద్ధానంతర జర్మనీ శరణార్థులు చేసిన కొయ్య గడియారములను అమెరికాలో అమ్మసాగెను. 1950ల చివర ఇంగ్లండున ఆక్స్‌ఫామ్ దుకాణములు చీనా శరణార్థుల చేతిపనులను విక్రయించెను. ఈ తొలి యత్నములన్నియు జాలినుండి పుట్టినవే. కొనువారు వస్తువును చూచి గాక, దాని వెనుకనున్న ఆర్తుని తలచి కొనుచుండిరి. అట్టి కొనుగోలు ఒకమారుతో తీరిపోవును గాని పనివానికి ఏటేట పని చూపజాలదు.

ఈ లోపమును సరిదిద్దిన ఆలోచన రాజకీయ రంగమునుండి వచ్చెను. 1968లో న్యూఢిల్లీలో జరిగిన ఐక్యరాజ్య సమితి వాణిజ్య, అభివృద్ధి సమావేశమున బీదదేశములు తమకు సహాయముకంటె సరియగు వాణిజ్యము కావలెనని ఎలుగెత్తి పలికినవి. మరుసటి సంవత్సరమే హాలండు దేశపు బ్రూకెలెన్ పట్టణమున బీదదేశముల సరకులకై తొలి 'ప్రపంచ దుకాణము' వెలసెను.

చేతిపనివాని కష్టమునకు ధర తక్కువగుట యొక్కటే కారణము కాదు. నూలు, రంగులు, కొయ్య ముందుగా కొనవలెను, చేత సొమ్ముండదు. షావుకారువద్ద అప్పు పుచ్చుకొన్నవాడు సరకును అతనికే, అతడు చెప్పిన వెలకే ఇయ్యక తప్పదు. కావున న్యాయ వాణిజ్యమున ధరతో సమానముగా, నా దృష్టిలో అంతకంటె మిక్కిలిగా, గణింపవలసినది బయానా. హస్తకళా వస్తువులకు, పనివారు కోరినచో, వడ్డీ లేకుండ కనీసము 50 శాతము సొమ్ము ముందే ఇయ్యవలెనన్నది ప్రపంచ న్యాయ వాణిజ్య సంస్థ విధించిన నియమము.

ఎగుమతి యున్నంతమాత్రమున న్యాయమున్నదని భ్రమింపరాదనుటకు మన నరసాపురమే నిదర్శనము. పందొమ్మిదవ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీలు పశ్చిమ గోదావరి తీరమున బీదస్త్రీల జీవనోపాధికై నేర్పిన లేసు అల్లిక, తరువాత వర్తకుల హస్తగతమై విదేశములకు విరివిగ సాగెను. మరియా మీస్ అను జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఆ ప్రాంతమున పరిశోధించి 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అను గ్రంథమును ప్రకటించెను. గడప దాటని ఈ అల్లికపనివారిని పనివారుగ నెవరును లెక్కింపలేదనియు, తీరిక వేళ అల్లుకొను గృహిణులుగనే భావించిరనియు, వారి దినాదాయము పొలము పనికి పోవు కూలి స్త్రీల ఆదాయముకంటెను తక్కువయనియు ఆమె నిరూపించెను. దయతో ఆరంభమైన పని దళారుల చేతిలో పడి ఎట్లు మారునో ఇంతకంటె స్పష్టముగ తెలుపు ఉదాహరణము అరుదు.

భారతదేశమున చేతిపనివారి సరకును దళారులు లేక అమ్మించు పనికి తొలుత సహకార సంఘములు, ప్రభుత్వము పూనుకొన్నవి. కమలాదేవీ ఛట్టోపాధ్యాయ 1948లో ఇండియన్ కోఆపరేటివ్ యూనియనును నెలకొల్పెను; 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళా మండలికి అధ్యక్షత వహించెను. ఆంధ్రలో లేపాక్షి, తెలంగాణలో గోల్కొండ పేరిట నడచు విక్రయశాలలు ఈ మార్గమునకు చెందినవే. 1978లో కలకత్తాలో పుట్టిన 'సాషా' వంటి సంస్థలు మాత్రము న్యాయ వాణిజ్య సూత్రములపై విదేశముల కొనుగోలుదారులతో నేరుగ సంబంధము నెరపినవి.

1988లో హాలండున 'మాక్స్ హావెలార్' అను న్యాయ వాణిజ్య ముద్రతో కాఫీ సామాన్య అంగళ్లకెక్కగా, చేతిపనులు వెనుకబడినవి. కాఫీకి కనీస ధర నిర్ణయింపవచ్చును. ఏ రెండును ఒక్కరీతిగ నుండని బొమ్మలకు, అల్లికలకు అది అసాధ్యము. అందుచే వస్తువునకు బదులు సంస్థనే పరీక్షించు విధానము ఏర్పడెను. 1989లో వెలసిన న్యాయ వాణిజ్య సంస్థల అంతర్జాతీయ సమాఖ్య 2004 జనవరిలో ముంబయి ప్రపంచ సామాజిక వేదికయందు తన సభ్య సంస్థలకై ముద్రను ఆవిష్కరించెను. ఆ సమాఖ్యయే నేటి ప్రపంచ న్యాయ వాణిజ్య సంస్థ.

అయినను విదేశీయుల అభిరుచి మారినచో ఆర్డర్లు తగ్గుట, అమ్మెడి సంస్థ నష్టపడినచో పనివానికి పని లేకపోవుట అను చిక్కులను ఈ వాణిజ్యము నేటికిని తీర్చలేదు. 1979లో స్థాపితమై బ్రిటనులో ఈ రంగమునకు అగ్రగామిగ నిలిచిన ట్రెయిడ్‌క్రాఫ్ట్ వ్యాపార సంస్థ 2023 జనవరిలో దివాలా స్థితిలో మూతపడెను.