పెన్సిల్ పొట్టులోంచి నూనె

న్యూజెర్సీలోని పిస్కాటవే చుట్టుపక్కల సాగు మానేసిన పొలాల్లో ముందుగా లేచే చెట్లలో ఎర్ర సీడర్ ఒకటి. పేరుకు సీడరే గానీ అది జూనిపర్ జాతి. మొద్దు కోస్తే చేవ ఎర్రగా ఉంటుంది, అప్పుడే చెక్కిన పెన్సిల్ వాసన వేస్తుంది. వేయదూ మరి! పెన్సిళ్లు ఒకప్పుడు ఎక్కువగా దీంతోనే చేసేవారు.

ఇక్కడికి దగ్గర్లోని జెర్సీ సిటీలో జోసెఫ్ డిక్సన్ 1847లో ఫ్యాక్టరీ పెట్టాడు. 1870ల నాటికి అందులో రోజుకు 80 వేలకు పైగా పెన్సిళ్లు తయారయ్యేవి. కలప దక్షిణాది రాష్ట్రాల నుంచి వచ్చేది. ఈ పరిశ్రమలో మిగిలిన రంపపు పొట్టును ఆవిరి పట్టి నూనె తీసేవారు. ఆ నూనె సబ్బుల్లోకీ, మైక్రోస్కోపు కటకం కింద వేసే చుక్కగానూ వెళ్లేది. చెట్లు తరిగిపోయాక పెన్సిల్ కంపెనీలు రైతుల దగ్గర పాత దడి కర్రలు సైతం కొన్నాయి. చివరికి కాలిఫోర్నియా కలపకు మారాయి.

ఆవిరితో ఒక చిక్కుంది. గంటల తరబడి ఆ వేడికి చెక్కలోని సెడ్రాల్ అనే పదార్థం కొంత నీటిని కోల్పోయి సెడ్రీన్‌గా మారిపోతుంది. నన్నడిగితే, సీసాలో ఉన్నది కొంతవరకు ఉడికిన వాసనే.

అంత వేడి లేకుండా నూనె తీసే దారి ఇంకోటుంది. బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్‌ను) 31 డిగ్రీలు దాటించి, మామూలు గాలి ఒత్తిడికి 73 రెట్లు పైగా నొక్కితే అది అటు గాలీ కాదు, ఇటు నీళ్లూ కాదు. చెక్కలోకి గాలిలా దూరుతుంది, నూనెను ద్రావకంలా కరిగించుకుంటుంది. ఇలాంటి స్థితిలో వాయువులు ఘనపదార్థాలను కరిగిస్తాయని గ్లాస్గోలో హానే, హోగార్త్ 1879లోనే చూపారు. దాన్ని జనం ఇంటిదాకా తెచ్చింది కాఫీ: గింజల్లోంచి ఈ వాయువుతో కెఫీన్ తీసే పద్ధతిని 1960ల్లో జర్మనీలో కుర్ట్ జోసెల్ కనిపెట్టాడు. సీడర్ వంతు ఆలస్యంగా వచ్చింది. ఇలినాయ్‌లోని పియోరియా ప్రభుత్వ ప్రయోగశాలలో ఎల్లర్, కింగ్ 2000లో ప్రచురించిన పనిలో, ఇలా తీసిన నూనెలో సెడ్రాల్ పాలు ఎక్కువగా నిలిచిందని తేలింది. అప్పటికి మధ్య రాష్ట్రాల్లో ఇదే చెట్టు పచ్చిక బయళ్లను మింగేస్తూ కలుపు అనిపించుకుంటోంది.

మా ల్యాబులో ఈ పని చేసేటప్పుడు నేను చూసేది వాల్వునే. ఒత్తిడి దిగే చోట వాయువు ఒక్కసారిగా చల్లబడి ఇనుము మీద తెల్లటి మంచు పేరుకుంటుంది. వేడి పట్టీ చుట్టకపోతే దారి మూసుకుపోతుంది. దాని కింద గాజు సీసాలోకి నూనె నురగలా చిమ్ముతూ దిగుతుంది. వాయువు ఎగిరిపోయాక కడగాల్సిన ద్రావకం ఏదీ మిగలదు.

అయినా సీడర్ నూనెలో ఎక్కువ భాగం ఇప్పటికీ ఆవిరిదే. పొట్టు చవక, ఆ ఒత్తిడి తట్టుకునే ఉక్కు పాత్ర ఖరీదు. ఆవిరి బానను ఊళ్లో వెల్డరు అతికిస్తాడు, దీన్ని అతికించలేడు. చందనం దగ్గర లెక్క మారుతుంది. యుద్ధంతో జర్మనీకి దుంగలు ఆగిపోయి, 1916లో మైసూరు సంస్థానం సొంతంగా తైలం తీయడం మొదలుపెట్టినప్పుడు కూడా ఆవిరే దిక్కు, అదీ రోజుల తరబడి. అంత ఖరీదైన చెక్కలో చుక్క మిగిలిపోయినా నష్టమే కాబట్టి, చందనానికైతే ఉక్కు పాత్రకు పెట్టిన డబ్బు తిరిగి వస్తుంది.