చార్మినార్ సందర్శన చరిత్ర

హైదరాబాదు పాతబస్తీలో నాలుగు దారులు కలిసే చోట, నాలుగు మూలలా నాలుగు మీనార్లతో నిలిచిన కట్టడం చార్మినార్. గోల్కొండ ఐదవ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా మూసీ దక్షిణపు ఒడ్డున కొత్త రాజధాని నిర్మిస్తూ, దానికి కేంద్రంగా 1591లో దీన్ని కట్టించాడు. హిజ్రీ శకంలో అది వెయ్యో సంవత్సరం. నగరానికి రూపురేఖలు దిద్దిన వాడిగా పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదిని చెబుతారు. గోల్కొండ నుంచి బందరు రేవుకు పోయే వర్తకపు బాట మీద ఈ కూడలి వెలసింది.

మహమ్మారి తగ్గినందుకు మొక్కుబడిగా కట్టించారన్న కథ జనంలో బాగా నాటుకుంది. అయితే 1667 ప్రాంతంలో నగరాన్ని చూసిన ఫ్రెంచి యాత్రికుడు థెవెనో రాతల్లో ఆ మాట లేదు. వచ్చిన దారులన్నీ కొలతలతో సహా రాసుకున్న ఈ యాత్రికుడి వర్ణన ఎంతో విలువైనది. కమానుల వెడల్పు, ఎత్తు, ఒకదానిపై ఒకటిగా ఉన్న వసారాలు, మీనార్ల చుట్టూ తిరిగే నడవలు అన్నీ అందులో ఉన్నాయి. నీటిని ఈ కట్టడం పైకెక్కించి, అక్కడి నుంచి రాజమహలు పై అంతస్తులకు పారించేవారని కూడా రాశాడు. అంటే అది నగరానికి అలంకారమే కాదు, నీటిని పైకెక్కించే ఏర్పాటు కూడా. నాటి పనివారి నేర్పుకు ఇంతకన్న నిదర్శనం అక్కర్లేదు.

నేల నుంచి మీనారు కొస దాకా ఎత్తు సుమారు 56 మీటర్లు. ఒక్కో పక్క 20 మీటర్ల వెడల్పు. కమాను వెడల్పు 11 మీటర్లు. నల్లరాయి, సున్నం, గచ్చుతో కట్టారు. ఒక్కో మీనారు లోపల 149 మెలిక మెట్లు ఉన్నాయి. దారి ఇరుకు, వెలుతురు తక్కువ, మెట్టు మెట్టుకూ ఎత్తు ఎక్కువ. దిగేవారు ఎదురైతే గోడకు ఒదిగి నిలబడాలి. చేత్తో తడిమితే గానీ తెలియని సున్నపు పూలు, లతలు, మీనారు కొసన గుమ్మటం మొదట్లో విచ్చుకున్న రేకులు ఈ కట్టడపు అసలు అందం. పై కప్పు మీద పడమటి వైపున ఉన్న మసీదు హైదరాబాదు నగరంలో అన్నిటికన్నా పాతది. అందులో 45 మంది నమాజు చేసుకోవడానికి విడివిడిగా గుర్తులు వేసిన స్థలాలున్నాయి.

1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాక వచ్చిన మొగలు సుబేదార్ల కాలంలో నైరుతి మీనారు పిడుగు పడి కూలితే తిరిగి కట్టారు. ఆ తర్వాత ఒక శతాబ్దానికి పైగా చెప్పుకోదగ్గ మార్పు లేదు.

ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1889లో, నాలుగు ముఖాలకూ నాలుగు గడియారాలు పెట్టారు.  నిజాం హాలీ సిక్కా నాణేల మీద చార్మినార్ బొమ్మ ఉండేది. నిజాం ఇలాకా సరిహద్దున ఉన్న సత్తుపల్లి వైపు చెల్లే డబ్బు అదే. సరిహద్దుకు అటు, కోస్తా వైపున్న చింతలపూడి తాలూకా బ్రిటిషు పాలనలో ఉండగా, సరిహద్దు దాటగానే నాణెమూ మారేది, కరోడ్‌గిరి నాకాల్లో సుంకమూ కట్టాల్సి వచ్చేది.

1956 నవంబరు 1న హైదరాబాదు ఆంధ్రప్రదేశ్ రాజధాని అయ్యాక కోస్తా జిల్లాల జనానికి ప్రయాణం పెరిగింది. సచివాలయంలో పని మీదో, ఆస్పత్రి కోసమో వచ్చినవారు చార్మినార్ చూడకుండా వెళ్ళేవారు కారు. 1974లో గోదావరి ఎక్స్‌ప్రెస్ మొదలైంది. చింతలపూడి వారు బస్సులో ఏలూరు చేరి, రాత్రి ఎక్కితే తెల్లారేసరికి నాంపల్లిలో దిగేవారు. చార్మినార్ ఎక్కి చూసి కిందికి వచ్చాక లాడ్‌బజారులో గాజులు కొనడం ఆనవాయితీ.

పై నుంచి చూస్తే ఉత్తరాన గుల్జార్ హౌజు, దాని నాలుగు కమానులు. నైరుతిలో 1694లో పూర్తయిన మక్కా మసీదు. పడమట గాజుల అంగళ్ళు. ఇంకా అవతల పాత గోల్కొండ దారి. నగరం పుట్టిన తీరును ఇంత సులువుగా చూపే చోటు మరొకటి లేదు.

ఇప్పుడు సందర్శకులను మొదటి అంతస్తు వరకే పంపుతున్నారు. భద్రత కోసం మీనార్ల పై భాగాన్ని మూసివేశారు. 1981 డిసెంబరు 4న ఢిల్లీ కుతుబ్ మీనారు మెట్లపై తొక్కిసలాటలో 45 మంది చనిపోయాక అక్కడా పైకి వెళ్ళడం ఆపేశారు. చార్మినార్ భారత పురావస్తు సర్వేక్షణ శాఖ రక్షణలో ఉంది. చుట్టూ వాహనాలు ఆపి నడిచేవారికి దారి విడిచే పథకం చాలా ఏళ్ళు నలిగి, కొంత అమలైంది. పొగ, దుమ్ము, అదురు సున్నపు పనికి హాని చేస్తాయన్నది దానికి ఒక ముఖ్య కారణం. 2019 మే నెలలో ఒక మీనారు మీది సున్నపు అలంకారం కొంత ఊడిపడగా, ఆ శాఖ మరమ్మతులు చేపట్టింది.