పరిశోధకుడును పెద్దల సభయును

కృష్ణా మెట్టసీమలో, 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన జగ్గయ్యపేట చెంత, ధనబోడు అను గుట్ట కలదు. దానిమీద పూర్వమొక బౌద్ధ స్తూపముండెను. జేమ్స్ బర్జెస్ పండితుడు 1882లో దానిని త్రవ్వించి పరీక్షించెను. అచ్చట దొరకిన బుద్ధప్రతిమ పలకమీద సుమారు ఆరవ శతాబ్దపు శాసనమొకటి యున్నది. నాగార్జునాచార్యుని శిష్యుడు జయప్రభుడు. జయప్రభుని శిష్యుడు చంద్రప్రభుడు. ఈ చంద్రప్రభుడు ఆ ప్రతిమను నిలిపెనని దాని సారాంశము. తానెవరో తెలుపుటకు ఆయన తన గురువును, గురువునకు గురువును పేర్కొనెను.

మన పూర్వుల విద్య ఇట్లే ఒక గురువు వెంట ఒక శిష్యుడుగా నడచినదని పలువురు తలతురు. అది సగమే నిజము. భిక్షువు కాగోరువానికి ఉపాధ్యాయుడొకడుండెను గాని, వానిని చేర్చుకొను అధికారము ఆ ఒక్కనికే లేకుండెను. వినయ నియమముల ప్రకారము మధ్యదేశమున పదుగురు భిక్షువులు, ప్రత్యంత దేశములందు ఐదుగురు కూడిన సంఘము సమ్మతింపవలెను. అభ్యర్థిని సభ ముందు నిలిపి ప్రశ్నించెడివారు. పిమ్మట సంఘమును ముమ్మారు అడిగి, ఎవ్వరును పలుకకున్న ఆ మౌనమునే సమ్మతిగా గ్రహించెడివారు. ఇంకొక విశేషము: ఉపాధ్యాయునికి మిథ్యాదృష్టి కలిగినచో దానిని పోగొట్ట యత్నించుట శిష్యుని విధులలో నొకటి. ఈ మాటను తన ఆచార్యునికి వినిపింప సాహసించు శిష్యుడు నేడు నూటికొక్కడుండునా?

డాక్టరు పట్టమును కోరు విద్యార్థికి నేడును ఇట్టి సభ యొకటి ఏర్పడియున్నది. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషను వారు 2016 నిబంధనలలో ప్రతి పరిశోధకునికి ఒక పరిశోధన సలహా సంఘమును విధించిరి. 2022 నిబంధనలలో దానిని నిలిపిరి. పర్యవేక్షకుడే దానికి సంచాలకుడు. విషయమును నిర్ణయించుట, పద్ధతిని చూపుట, పని ఎంతవరకు సాగెనో విచారించుట దాని కార్యములు. మొదట ఆరుమాసముల కొకసారి యనిరి. పిమ్మట ప్రతి సెమిస్టరునందును విద్యార్థి సభ ముందు నిలువవలెననిరి. పని తృప్తికరముగా లేనిచో సభవారు కారణములను వ్రాసి, దిద్దుకొను మార్గమును చూపవలెను.

ఇంతమంది యేల, గురువొక్కడు చాలడా యని అడుగువారికి ధనబోడే సమాధానము. ఇక్ష్వాకు రాజగు వీరపురుషదత్తుని ఇరువదవ రాజ్యవర్షమున సిద్ధార్థుడను శిల్పి స్తూపమునకు ఐదు ఆయక స్తంభములను సమర్పించెనని అచ్చటి ప్రాకృత శాసనములు చెప్పుచున్నవి. బ్యూలర్ పండితుడు వీనిని చదివెను. లిపులను మాత్రమే యెరిగిన పర్యవేక్షకుని చేతిలో పడిన విద్యార్థి, స్తూపమంతయు క్రీస్తు శకము మూడవ శతాబ్దిదని వ్రాసి సంతోషించును. కాని చక్రవర్తిని చెక్కిన పలకను చూచిన శిల్పచరిత్రకారుడు, ఆ చెక్కడపు తీరు క్రీస్తునకు పూర్వపుదనును. రెండు మాటలును నిజములే కావచ్చును. పాత స్తూపమునకు పిమ్మటివారు స్తంభములెత్తి యుందురు. ప్రాకృతమెరిగిన వారొకరు, శిల్పమెరిగిన వారొకరు, త్రవ్వకముల నెరిగిన వారొకరు సభలోనున్నచో ఈ చిక్కు మొదటి యేటనే బయటపడును. లేనిచో గ్రంథము ముగిసిన పిమ్మట బయటి పరీక్షకుని నోట వినవలసివచ్చును. ఈ సీమలోని పెనుగంచిప్రోలున 1877లో జన్మించిన కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు పూనుకొన్నప్పుడు, తామెంతటి విద్వాంసులైనను, పలువురు పండితుల సాయమును కోరిరి.

అయితే ఆచరణము వేరు. మేమొక విద్యాలయమున చూచిన సభ పావుగంటలో ముగిసెను. పర్యవేక్షకులవారు శిష్యురాలిని పొగడిరి; తక్కినవారు తేనీరు త్రాగి సంతకములు చేసిరి. ఆమె నందిగామ ప్రాంతపు ప్రత్తిరైతు బిడ్డ. ఆ యింట కళాశాల మెట్లెక్కిన మొదటి మనిషి. తన సందేహములను ఆరు పుటలలో వ్రాసి తెచ్చుకొనెను. ఆ పుటలను అడిగినవారు లేరు. కొన్ని సంవత్సరముల పిమ్మట పరీక్షకులు ఆ సందేహములనే ఎత్తిచూపి గ్రంథమును త్రిప్పి పంపిరి. ఆనాటి సంఘము ముమ్మారడిగి మౌనమును సమ్మతిగా గొన్నది. ఇచ్చట అడుగుటయే లేదు, మౌనము మాత్రము మిగిలెను.

కావున విద్యార్థులకు మేము చెప్పునది యిది. సభకు పదునైదు దినములు ముందుగా వ్రాసిన ప్రకరణమును, దానితోపాటు తమకు తెలియని సంగతులను సభ్యులకు పంపవలెను. సభలో విన్న మాటలను ఆ దినముననే వ్రాసి, సరియేనా యని అందరిని అడుగవలెను. ఇద్దరు సభ్యులు పరస్పర విరుద్ధముగా చెప్పినచో, ఒకరి చాటున ఒకరిని మెప్పింప జూడక, ఆ భేదమును సభలోనే పెట్టవలెను. సభవారి నివేదిక ప్రతిని విద్యార్థికి ఇయ్యవలెనని నిబంధనయే కలదు. దానిని అడిగి పుచ్చుకొనుట అవిధేయత కాదు. సభ్యులలోను కొందరు, ప్రశ్నించినచో పర్యవేక్షకుడు నొచ్చుకొనునని జంకుదురు. ఆ మర్యాదకు మూల్యము చెల్లించునది విద్యార్థి. గడువు ఆరు సంవత్సరములు, అదియు యౌవనమున.

గుంటూరు చెంత 1976లో వెలసిన విశ్వవిద్యాలయమునకు నాగార్జునుని పేరే పెట్టిరి. చంద్రప్రభుడు పేర్కొన్న నాగార్జునుడును మాధ్యమికాచార్యుడును ఒక్కరేనా యనునది పరిశోధకునికి మంచి విషయము. దానిని చేపట్టి సభకు వచ్చిన విద్యార్థిని పెద్దలు మొదట అడుగవలసిన ప్రశ్న మాత్రము చిన్నది: ధనబోడు రాళ్లను మద్రాసు మ్యూజియమునకు పోయి చూచితివా, పుస్తకములోని పటములనే చూచితివా?