లెక్కకు అందని రంగం: లాభాపేక్షలేని సంస్థల ఆర్థిక విలువ

లాభాపేక్షలేని సంస్థలు ఎంత పెరిగాయని అడిగితే తరచూ వచ్చే జవాబు రిజిస్ట్రేషన్ల సంఖ్య. అది నమ్మదగ్గ కొలత కాదు. కేంద్ర గణాంక కార్యాలయం 2012 నివేదిక ప్రకారం దేశంలో నమోదైన సంస్థలు దాదాపు 31.7 లక్షలు, చిరునామాలు పట్టుకుని వెళ్లి వెతికితే ఆచూకీ దొరికినవి సుమారు 7 లక్షలే. బోర్డు తిప్పేసిన సొసైటీ పేరు కూడా రిజిస్టరులో అలాగే ఉండిపోతుంది. సంఖ్య ఇలా ఉబ్బుతుంటే, ఈ రంగం సృష్టించే విలువ మాత్రం జాతీయ లెక్కల్లో కనుమరుగవుతోంది.

హైదరాబాద్‌లో 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి.ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థనే చూద్దాం. డబ్బు కట్టగలిగినవారి రుసుము, కట్టలేనివారి చికిత్సకు ఆసరా అవుతుంది. 1996లో ముథోల్‌లో గ్రామీణ కంటి ఆసుపత్రి తెరిచారు. ఆ అంచెకు దిగువన ఉండే దృష్టి కేంద్రాల్లో శిక్షణ పొందిన స్థానిక యువతీయువకులు కళ్లు పరీక్షించి అద్దాలు ఇస్తారు, శుక్లం ఉంటే పై ఆసుపత్రికి పంపుతారు. రోగికి బస్సు చార్జీ, తోడు వచ్చే మనిషి కూలీ మిగులుతాయి. తనకు ఆపరేషన్ నిజంగా అవసరమో కాదో రోగికి తెలియదు. లాభం పంచుకునేవాళ్లు లేరన్న భరోసాయే అతన్ని అక్కడికి నడిపిస్తుంది. ఇలాంటి సంస్థలు ఎందుకు పుడతాయో న్యాయశాస్త్ర పండితుడు హెన్రీ హాన్స్‌మన్ 1980లో చెప్పిన కారణం సరిగ్గా ఇదే.

ఇలాంటి విలువ ఏ లెక్కలో చేరాలో నిర్ణయించే ఐక్యరాజ్యసమితి జాతీయ ఖాతాల పద్ధతికి సంస్థ ఆశయంతో పని లేదు. డబ్బు ఎలా వస్తోంది, పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయి అన్నదే చూస్తుంది. సేవల రుసుముతో ప్రధానంగా నడిచే ఆసుపత్రి అయితే కంపెనీల సరసన చేరుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2000లో సొసైటీగా నమోదు చేసిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, మనందరికీ తెలిసిన ‘వెలుగు’ పథకాన్ని నడిపిన సంస్థ, ప్రభుత్వ ఖాతాలోకి పోతుంది. అనంతపురంలో 1969 నుంచి విరాళాలతో పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్‌డీటీ) లాంటివి మిగులుతాయి. వాటిని మన గణాంకాలు కుటుంబాల పద్దులో కలిపేస్తాయి! ఇంటి ఖర్చూ ఆసుపత్రి నిర్వహణా ఒకే గాటన కట్టిన లెక్క నుంచి రంగం వృద్ధిని ఎలా విడదీయగలం?

ఇలా వేర్వేరు పద్దుల్లో చెదిరిన సంస్థలన్నిటినీ ఒక అనుబంధ ఖాతాలోకి తెచ్చి, స్వచ్ఛంద శ్రమకూ విలువ కట్టమని ఐక్యరాజ్యసమితి 2003లోనే కరదీపిక ఇచ్చింది. మన దేశం ఆ పనికి పూనుకుంది గానీ, ఏటా వెలువరించే అలవాటు చేసుకోలేదు.

ఈలోగా నిధుల దారులు మారాయి. 2014 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాలి. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ ఆ విరాళాల్లో పాలనా ఖర్చు పరిమితిని 50 నుంచి 20 శాతానికి కుదించింది, అందుకున్న సంస్థ వాటిని మరో సంస్థకు బదిలీ చేయడాన్నీ నిషేధించింది. పెద్ద సంస్థల చేతుల మీదుగా పల్లె సంఘాలకు అందే డబ్బుకు ఈ రెండోదే గట్టి దెబ్బ అని నా అంచనా. దీన్ని తేల్చడానికి కొత్త సర్వేలే అక్కర్లేదు. పన్ను మినహాయింపు పొందే ట్రస్టులు ఏటా దాఖలు చేసే ఐటీఆర్-7 రిటర్నుల్లో ఆదాయ వ్యయాలు ఉన్నాయి. పేర్లు తొలగించి, జిల్లాల వారీగా, సంస్థ పరిమాణం వారీగా మొత్తాలు ప్రకటిస్తే చాలావరకు తెలుస్తుంది. జీతం లేని శ్రమకు మాత్రం విడిగా సర్వే చేయక తప్పదు.