గాయము కట్టుట – ఒక పరిచర్య చరిత్ర

మంచి సమరయుని కథ మన సండే స్కూలు పిల్లలకును తెలిసినదే. అతడు గాయములపై నూనె, ద్రాక్షారసము పోసి, గుడ్డ కట్టి, ఆ మనుష్యుని నడువనీయక తన వాహనమెక్కించెను. ఇందులోని వైద్యమును లోకము గ్రహించుటకు చాల శతాబ్దములు పట్టినది. ఈ శతవార్షికోత్సవ సమయమున ఆ చరిత్రను క్లుప్తముగా మనవి చేయుచున్నాము.

19వ శతాబ్దపు మధ్యకాలము వరకు, విరిగిన ఎముక చర్మమును చీల్చుకొని వచ్చినచో కాలు తీసివేయుటయో, రోగి మరణించుటయో తరచుగా జరుగుచుండెను. 1865 ఆగస్టులో గ్లాస్గో నగరమున జేమ్స్ గ్రీన్లీస్ అను 11 ఏండ్ల బాలుని కాలిమీదుగా బండిచక్రము పోయినది. సూక్ష్మజీవులను గూర్చిన పాశ్చర్ పరిశోధనల నెరిగిన డాక్టరు జోసెఫ్ లిస్టర్, కార్బాలిక్ ఆమ్లములో తడిపిన గుడ్డతో ఆ గాయమును కప్పెను. ఆరు వారములలో ఎముక అతుకుకొనెను, కాలు దక్కెను. 1867లో ఆయన ఈ పద్ధతిని లాన్సెట్ పత్రికలో ప్రకటించెను. అయితే ఆ మందు క్రిములతోపాటు చర్మమును కూడ బాధించుచుండెను.

గాయమునకు గాలి తగిలి ఎండవలెనను నమ్మకము నేటికిని మన యిండ్లలో నున్నది. 1962లో జార్జి వింటర్ అను శాస్త్రజ్ఞుడు పందుల చర్మముపై చిన్న గాయములను పరిశీలించెను. పాలిథీన్ పొరతో కప్పినవి, గాలికి విడిచినవాటికంటె సుమారు రెండింతల వేగముగా క్రొత్త చర్మము పొందినవి. ఎండిన పక్కు క్రింద క్రొత్త కణములు దారి చేసికొనవలెను; తేమ యున్నచో సులువుగా ప్రాకిపోవును. పొడి గాజ్‌గుడ్డ పుండుకు అంటుకొని, ఊడదీయునపుడు లేతచర్మమును కూడ లాగివేయును. సమరయుని నూనె ఈ అంటుకొనుటనే తప్పించును.

మన తెలుగు దేశములో నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లియందు మెతడిస్టు మిషనరీ డాక్టరు ఇసబెల్ కెర్ 1915లో కుష్ఠరోగుల సేవాకేంద్రమును ప్రారంభించిరి. కుష్ఠరోగికి అరికాలిలో స్పర్శ పోవును. నొప్పి తెలియదు గనుక పుండు మీదనే నడచును. అట్టి పుండ్లకు మందుకంటె భారము తొలగించుటయే ముఖ్యమని వైద్యులు గ్రహించిరి. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టరు పాల్ బ్రాండ్ ఇట్టి రోగుల పాదములకు పిండికట్టు వేసి, నడకభారము పుండొక్కదానిపై పడకుండ కాలంతటికిని పంచిరి. 1960లలో వారు అమెరికాలోని కార్విల్‌కు వెళ్లిన పిమ్మట, మధుమేహరోగుల పాదములకును ఈ పద్ధతి అక్కడ ఉపకరించెను.

మన సంఘములలో షుగరు వ్యాధిగలవారు అనేకులున్నారు. వారికి మా మనవి యిది: ప్రతి రాత్రి అరికాళ్లు చూచుకొనుడి, చూపు ఆననిచో యింటివారిచేత చూపించుకొనుడి. గాయముపై బూడిద, కాఫీపొడి చల్లవద్దు. శుభ్రమైన నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డతో కప్పుడి. చీము, నలుపు, వాపు కనబడినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవుడి. నొప్పి లేదుగదా యని ఆ కాలితో నడచుకొనుచు ఆరాధనకు రావలదు; కబురంపినయెడల మేమే మీ యింటికి వచ్చి ప్రార్థించెదము.